అదృశ్య తరంగములును, అన్నములోని ధాతువులును
(మహాసభ రెండవనాటి ఉదయ సమావేశమున చదివిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు ఆరోగ్యవిషయమును గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాము. విద్య, వివాహము, ఉద్యోగము అను విషయములపై మన సభలలో ఏటేట ఎన్నియో ఉపన్యాసములు జరుగుచున్నవి. కాని దేహము దృఢముగా లేనివానికి విద్యయు ఫలింపదు, ఉద్యోగమును నిలువదు. కావున ఈ విషయమునకు అరగంట కాలమును దయచేయ వేడుచున్నాము.

ఇప్పుడీ విషయమునే ఎన్నుకొనుటకు ఒక ప్రత్యేక కారణము గలదు. మన బాలికల వసతిగృహమున కెదుటి మేడపై సెల్లుఫోను టవరు వెలసిన తరువాత, అచ్చట చదువుకొను బాలికలలో కొందరు తలనొప్పి, నిద్రలేమి, గుండెదడ, నిస్సత్తువ మున్నగు బాధలు చెప్పుకొనుచున్నారు. తరంగములు లోపలికి చొరకుండ గోడలకు ప్రత్యేకమైన రంగు పూయింపవలెననియు, కిటికీలకు లోహపు వలలు బిగింపవలెననియు, ప్రతి బాలికకు ఖనిజముల బిళ్లలు పంచిపెట్టవలెననియు ఒక విజ్ఞప్తి కార్యవర్గము ముందున్నది. దాతలిచ్చిన ధనము పరిమితమైనది. దానిని ఏ కార్యమునకు వినియోగించిన ఆ బాలికల బాధ తీరును? ఇదియే నేడు మనము విచారింపవలసిన ప్రశ్న.

విద్యుదయస్కాంత తరంగములనగా నేమి? సూర్యునినుండి వచ్చు వెలుతురు ఒక విద్యుదయస్కాంత తరంగమే. కుంపటినుండి దూరమునకు తగులు వేడిమియు, రేడియో, సెల్లుఫోను, వైఫై వాడుకొను తరంగములును ఆ కుటుంబములోనివే. వీనిలో ఎక్సురేలవంటి మిక్కిలి తీక్ష్ణమైనవానికి శరీరములోని అణువులను చీల్చు శక్తి కలదు. రేడియో తరంగములకా శక్తి లేదు. అవి మిక్కిలి బలముతో తగిలినచో చేయునది వేడెక్కించుట. ఆ వేడిమిని దృష్టియందుంచుకొనియే అంతర్జాతీయ సంఘమువారు హద్దులు నిర్ణయించిరి. మన దేశమున టవరులకు 2012 సెప్టెంబరు 1వ తేదీనుండి ఆ హద్దులో పదియవ వంతునే విధించిరి.

మరియొక సంగతి కూడ గమనింపదగినది. దూరమున నున్న టవరుకంటె చెవికానించుకొను ఫోనునుండియే మన శరీరమునకు సామాన్యముగా ఎక్కువ తరంగములు తగులును. టవరు దూరమై సంకేతము బలహీనమైనకొలది ఫోను తన బలమును హెచ్చించుకొనును. కావున టవరును తరిమివేసి ఫోనును దిండు క్రింద పెట్టుకొని పరుండువాడు, దొంగకు వీధి తలుపు మూసి దొడ్డితలుపు తెరచినవాని వంటివాడు.

ఈ తరంగములవలన తమకు బాధ కలుగుచున్నదని చెప్పువారు ప్రపంచమున అనేక దేశములలో నున్నారు. చర్మము మండుట, ఎఱ్ఱబారుట, చిమచిమలాడుట, అలసట, తల త్రిప్పుట, మనస్సు నిలువకపోవుట, గుండెదడ, అజీర్ణము మున్నగునవి వారు చెప్పు లక్షణములు. వీరిని కల్లరులని పరిహసించుట అధర్మము. ప్రపంచారోగ్యసంస్థవారు 2005లో ప్రకటించిన పత్రమున ఆ బాధలు నిజమైనవేయని స్పష్టముగా నొప్పుకొనిరి. కొందరిని అవి పని చేసికొనలేనంతగా కుంగదీయుచున్నవనియు చెప్పిరి. అయితే ఆ బాధలకు తరంగములే కారణమనుటకు శాస్త్రీయమైన ఆధారము లేదనియు ఆ పత్రముననే వ్రాసిరి. బాధ నిజము, కారణము వేరు. ఈ రెండు మాటలును ఏకకాలమున సత్యములు కాగలవని గ్రహించుటయే ఈ విషయమున మొదటి మెట్టు.

కారణము కాదని వారెట్లు తెలిసికొనిరని మీరడుగవచ్చును. పద్ధతి మిక్కిలి సులభమైనది. బాధ చెప్పువారిని ఒక గదిలో కూర్చుండబెట్టుదురు. యంత్రమును ఒకప్పుడు నడపి తరంగములను వదలుదురు, మరియొకప్పుడు నడపినట్లు నటించి ఊరకుందురు. ఏది యెప్పుడు జరుగుచున్నదో కూర్చున్నవారికిని తెలియదు, ప్రక్కనుండి బాధలను వ్రాసికొనువారికిని తెలియదు. ఇట్టి ప్రయోగములు 31 జరిగినవనియు, వానిలో 725 మంది పాల్గొనిరనియు 2005లో రూబిన్ అను పండితుడును వారి సహచరులును లెక్కించిరి. 24 ప్రయోగములలో తరంగమున్నప్పటికిని లేనప్పటికిని భేదమేమియు కనబడలేదు. మిగిలిన ఏడింటిలో కనబడినట్లు తోచిన ఫలితములు మరల చేసి చూడగా నిలువకపోవుటయో, ఒకదానితోనొకటి పొసగకపోవుటయో, గణనదోషముగా తేలుటయో జరిగినది. 2010 నాటికి ప్రయోగములు 46, పాల్గొన్నవారు 1175 మంది. అప్పటికిని తీర్పు మారలేదు.

ఇంకొక విశేషము. తరంగము లేనప్పుడు కూడ, ఉన్నదని నమ్మినచో, వారికి తలనొప్పి వచ్చెను, చర్మము మండెను. 2013లో ప్రచురితమైన ఒక పరిశోధనలో 147 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమునకు వైఫై ప్రమాదకరమని చెప్పు టెలివిజను చిత్రమును, రెండవ భాగమునకు వేరొక చిత్రమును చూపిరి. పిమ్మట వైఫై వదలుచున్నామని చెప్పి, ఏమియు వదలకయే కొంతసేపు కూర్చుండబెట్టిరి. మొత్తము మీద సగమునకు పైగా తమకేదో బాధ కలిగినదనిరి. భయపెట్టు చిత్రమును చూచినవారిలో ముందునుండి బెంగపడు స్వభావము గలవారి బాధ మరింత హెచ్చినది. భయము గుండెను దడదడలాడించును, నిద్రను చెరచును, కడుపును కలచివేయును. ఇది ఎవరియందును దోషము కాదు, దేహధర్మము. అర్ధరాత్రి త్రాటిని చూచి పామనుకొన్నవానికి చెమట పట్టుట అబద్ధము కాదు గదా!

పక్షపాతము లేకుండ రెండవ వైపును చెప్పుట మా విధి. 2011లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థవారు రేడియో తరంగములను క్యాన్సరు కలిగింపవచ్చునేమో యను వర్గమున చేర్చిరి. అనగా నిరూపింపబడినదని కాదు, పూర్తిగా కొట్టివేయుటకును వీలులేదని అర్థము. ఆ విచారణ వేరు, నేడు మనముందున్న తలనొప్పి, నిస్సత్తువల విచారణ వేరు. ఫోనును చెవికంటించి గంటలకొలది మాటలాడక తంత్రీసాధనమును వాడుకొనుటయు, రాత్రి దానిని పడకకు దూరముగా నుంచుటయు మంచిదే. దానివలన నష్టము లేదు, నిద్రకు లాభము మాత్రము తప్పక కలదు.

ఇక ఖనిజముల సంగతి. తరంగములు శరీరములోని కాల్షియమును కలచివేయుననియు, మెగ్నీషియము బిళ్లలు మ్రింగినచో ఆ చెరుపు తొలగుననియు కొందరు ప్రచారము చేయుచున్నారు. ఇందులో సగము సత్యము కలదు, కావుననే వినువారు నమ్ముచున్నారు. జీవకణముల పొరయందు కాల్షియము వచ్చిపోవు సన్నని ద్వారములు గలవు. అవి విద్యుద్భేదమును బట్టి తెరచుకొని మూసికొనును. గుండె కొట్టుకొనుటయు, కండరము ముడుచుకొనుటయు వానివలననే. ఇంతవరకు శాస్త్రము. మన ఇండ్లలో, వీధులలో నుండు తరంగముల బలముచే ఆ ద్వారములు చెడునని గాని, బిళ్లలచే ఆ బాధ మానునని గాని మనుష్యులయందు నిరూపింపబడలేదు. ఇక్కడనుండి వర్తకము. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముట యనగా నిదియే. మెగ్నీషియము మితిమీరినచో విరేచనములగును. మూత్రపిండములు చెడినవారికి ప్రాణాపాయమే కలుగవచ్చును.

రక్తములో ఇనుమున్నది గావున అయస్కాంతశక్తి దానిని లాగుననుట మరియొక వదంతి. ఆసుపత్రులలో శరీరము లోపలి భాగములను చిత్రించు అయస్కాంత యంత్రము బలము సామాన్యముగా భూమి అయస్కాంతబలమునకు ముప్పదివేల రెట్లు మించియుండును. దానిలో పరుండి వచ్చినవారి రక్తములోని ఇనుము లాగబడుట లేదు. రక్తములోని ఇనుము మేకులోని ఇనుమువలె గాక, హీమోగ్లోబిను అను పదార్థమున బంధింపబడి ప్రాణవాయువును మోయుచుండును.

అట్లయిన ఖనిజములకును రోగములకును సంబంధము లేదా? తప్పక కలదు. దానిని కనుగొనిన చరిత్రలో తెలుగుదేశమునకును, తెలుగువారికిని గొప్ప స్థానము గలదు. ఒక వస్తువు రోగకారణమని ఎట్లు నిర్ధారింపవలెనో తెలియుటకు రెండుదాహరణములు చెప్పెదము.

మొదటిది నీటిలోని ఫ్లోరైడు. నెల్లూరు మండలమున పండ్లు గారపట్టి, వెన్నెముక బిగిసి, మనుష్యులు నడివయస్సుననే వంగిపోవుచుండగా, అది వారు త్రాగు బావినీటిలోని ఫ్లోరైడువలన కలిగినదని 1937లో షార్టు మున్నగు వైద్యులు ప్రకటించిరి. తరువాత నల్లగొండ మండలమున బాలుర మోకాళ్లు లోపలికి వంగుటను హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పండితులు 1973లో వెల్లడించిరి. నీటిలో ఫ్లోరైడు హెచ్చుగానున్న ఊళ్లలో రోగము హెచ్చు, తక్కువగానున్న ఊళ్లలో తక్కువ. ఆ ఊరికి మంచినీరు వచ్చినచో తరువాత పుట్టిన బిడ్డల పండ్లు తెల్లగా నుండును. ఎవరు నమ్మినను నమ్మకపోయినను ఫ్లోరైడు తన పని తాను చేయును. నిజమైన కారణమునకు ఇదియే గుర్తు.

రెండవది అయొడిను. శ్రీకాకుళమున 1921లో జన్మించిన వులిమిరి రామలింగస్వామి గారు హిమాలయములదరి కాంగ్డా లోయలో గొంతువాపు వ్యాధిని పరిశోధించిరి. 1956 మొదలు ఆ లోయను మూడు భాగములు చేసి, రెండు భాగములకు అయొడిను కలిపిన ఉప్పును, ఒక భాగమునకు సాదా ఉప్పును పంపించిరి. కొన్ని సంవత్సరములకు అయొడిను అందిన రెండు భాగములందును వ్యాధి సుమారు సగమునకు తగ్గెను, సాదా ఉప్పు తిన్న భాగమున అట్లు తగ్గలేదు. నేడు మన వంటయింటిలోని ఉప్పు పొట్లము మీద అయొడిను పేరుండుటకు పునాది యా పరిశోధనయే. తరంగముల బాధలను పరీక్షించిన పద్ధతియు మూలమున ఇట్టిదే. ఉన్నచోటును లేనిచోటును ప్రక్కప్రక్కన నిలిపి చూచుట. ఆ పరీక్షకు ఫ్లోరైడు నిలిచినది, అయొడిను నిలిచినది, తరంగము నిలువలేదు.

ఇప్పుడు మన బాలికలయొద్దకు వచ్చెదము. తలనొప్పి, నిస్సత్తువ, గుండెదడ, తల త్రిప్పుట, మనస్సు నిలువకపోవుట, రాత్రి కాళ్లు కుదురుగా నుంచలేక నిద్రపట్టకపోవుట. ఈ లక్షణములను మరియొకసారి చిత్తగింపుడు. వీనినన్నిటిని కలిగింపగల వ్యాధి యొకటి మన ఇండ్లలో ఎన్నియో తరములుగా కాపురమున్నది. మన పెద్దలు దానిని పాండురోగమనిరి. వైద్యులు రక్తహీనత యనుచున్నారు. 2019–21 సంవత్సరములలో జరిగిన ఐదవ జాతీయ కుటుంబారోగ్య సర్వేక్షణమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో రక్తహీనులు దేశమంతటిలో నూటికి 57.0, ఆంధ్రప్రదేశమున 58.8, తెలంగాణమున 57.6 మంది యని తేలినది. పురుషులలో దేశమంతటికి 25.0 మాత్రమే. వ్రేలికొన గ్రుచ్చి తీసిన రక్తమును పరీక్షించుటచే సంఖ్య హెచ్చుగా వచ్చినదని వాదించు పండితులు గలరు. కొంత తగ్గించుకొన్నను, స్త్రీపురుషుల నడుమ నున్న అగాధము మాత్రము పూడదు.

వయస్సు వచ్చిన మనుష్యుని శరీరమున నుండు ఇనుము మూడు నాలుగు గ్రాములకు మించదు. దానిలో సుమారు మూడింట రెండు వంతులు రక్తముననే యుండును. నెలనెల రక్తమును కోల్పోవు బాలికకు పురుషునికంటె ఎక్కువ ఇనుము కావలెను. మన ఇండ్లలో ఆమెకు లభించునది తక్కువ. పురుషులు, పిల్లలు, అతిథులు తినిన పిమ్మట అడుగంటిన కూరతో, మజ్జిగతో ముగించు ఇల్లాలిని మనము అన్నపూర్ణ యని పొగడుచున్నాము. పొగడ్తలో ఇనుము లేదు.

రక్తహీనతకు ఇనుము కొఱతయే గాక, ఫోలికు ఆమ్లము, బి-12 అను విటమినుల కొఱతయు కారణమే. 1931లో బొంబాయిలో లూసీ విల్సు అను వైద్యురాలు గర్భిణీస్త్రీల రక్తహీనత కొన్నిసార్లు ఇనుముతో మానకున్నను ఈస్టు సారముతో మానుట గనిపెట్టెను. దానిలోని గుణము ఫోలికు ఆమ్లమే. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నాయకత్వము వహించిన పరిశోధకబృందము 1945–46 ప్రాంతమున ఆ పదార్థమును కృత్రిమముగా తయారుచేసెను. నేడు గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చు బిళ్లలో నుండునది యదియే. శాకాహారనియమము గల కుటుంబములవారు పాలు, పెరుగులు కూడ తగినంత తీసికొననిచో బి-12 లోపించును. దానివలన అరికాళ్లు, అరచేతులు తిమ్మిరెక్కి చిమచిమలాడును. ఆ చిమచిమను తరంగమని భ్రమించి పరీక్ష చేయించుకొననివారికి నరములే చెడవచ్చును. థైరాయిడు గ్రంథి దోషమువలనను అలసట, గుండెదడ, నిద్రలేమి కలుగును. కావుననే మేము చెప్పునదేమన, గోడకు రంగు పూయించుటకు ముందు వ్రేలికి సూది గ్రుచ్చి చూడుడు.

ఆహారమున చేయవలసిన మార్పులు కష్టసాధ్యములు కావు. మన తాతలు తిన్న రాగిసంకటి, జొన్నరొట్టె, సజ్జలు, దంపుడు బియ్యము నేడు బీదరికపు గుర్తులని మనము విడిచితిమి. నూరు గ్రాముల రాగులలో కాల్షియము 350 మిల్లీగ్రాముల ప్రాంతమున నుండగా, అంతే తూకము తెల్లబియ్యమున పదికి అటునిటు మాత్రమే. మునగాకు, తోటకూర, ఉలవలు, పెసలు, నువ్వులు ఇనుమును, మెగ్నీషియమును ఇచ్చును. మెగ్నీషియమునకు బిళ్ల ఎందుకు? నువ్వులపొడి చాలును. ధాన్యములలోను, ఆకుకూరలలోను నుండు ఇనుము శరీరమునకు సులభముగా పట్టదు. దానితో ఉసిరి, నిమ్మ, జామ తినినచో బాగుగా పట్టును. భోజనముతోగాని భోజనము కాగానేగాని టీ, కాఫీ త్రాగినచో పట్టదు. పప్పులను మొలకెత్తించుటయు, పిండిని పులియబెట్టుటయు, ఇనుప మూకుడులో వండుటయు మేలు. మాంసాహారులకు మాంసము, కాలేయము, చేపలలోని ఇనుము సులభముగా పట్టును.

ఒక హెచ్చరిక. రక్తహీనత హెచ్చుగానున్నవారికి ఆహారమొక్కటే చాలదు. వైద్యుడు చెప్పినంతకాలము ఇనుపబిళ్లలు వాడవలసియుండును. పరీక్ష లేకుండ అందరికి అన్ని ఖనిజములు పంచుట మాత్రము వైద్యము కాదు. ఇనుము మితిమీరినను విషమే, అందును పసిబిడ్డలు పొరపాటున మ్రింగిన ప్రాణములకే ముప్పు.

ఈ విచారణ ననుసరించి మహాసభవారి ముందు నాలుగు సూచనలు ఉంచుచున్నాము. ఒకటి: గోడల రంగునకు, లోహపు వలలకు ధనము వెచ్చింపకుండుట. టవరు తరంగములు విధింపబడిన హద్దునకు లోబడియున్నవో లేవో కొలిపించి, ఆ ఫలితమును వసతిగృహపు గోడమీద అందరు చదువునట్లు అంటించుట. తెలియనిదానివలన పుట్టు భయమునకు తెలుపుటయే మందు. రెండు: ఆ ధనముతో వసతిగృహపు బాలికలకందరికి, తరువాత బాలురకును, సంవత్సరమునకు రెండుమార్లు రక్తపరీక్ష చేయించుట. హీమోగ్లోబిను బాలికలకు 12 గ్రాములకు, పెద్ద బాలురకు 13 గ్రాములకు తగ్గినచో వైద్యునికి చూపుట. మూడు: వంటశాలలో వారమునకు మూడునాళ్లు రాగి లేక జొన్న, ప్రతిదినము ఆకుకూరయు పప్పును, ఒక జామపండుగాని ఉసిరికగాని ఏర్పాటు చేయుట. టీని భోజనమునకు గంట దూరముగా నుంచుట. రాత్రి పది గంటలకు ఫోనులను ఒక పెట్టెలో పెట్టించుట. నాలుగు: ఇంతచేసినను బాధ తగ్గనివారిని ఎగతాళి చేయక, శరీరమును మనస్సును రెంటిని పరీక్షింపగల వైద్యునియొద్దకు సంఘపు ఖర్చుతో పంపుట. పరీక్షలకు ముందు చదువు, బెంగ, ఇంటి దూరము కూడ నిద్రను చెరచునని మనమెరుగుదుము.

పోషకమహాశయులారా! మీరు మేడలు కట్టించి వానిపై మీ తల్లిదండ్రుల నామములు చెక్కించితిరి. అది పుణ్యకార్యమే. ఆ మేడలో చదువుకొను బాలిక పాలిపోయిన మొగముతో మెట్లెక్కలేక ఆయాసపడుచున్నచో ఆ పుణ్యము సగమే. రక్తపరీక్షకును, రాగులకును ఇచ్చిన విరాళమునకు శిలాఫలకము వేయుటకు చోటులేకపోవచ్చును. అది ఆ బిడ్డల చెక్కిళ్లపైని ఎరుపులో కనబడును.

తల్లులారా! ఇంటికి వెళ్లిన దినమున మీరును మీ కోడండ్రును పురుషులతో కలిసి ఒక్క పంక్తిని కూర్చుండి, అదే కూరను, అదే పప్పును, అదే పాళ్లలో వడ్డించుకొనుడు. ఇందుకు తీర్మానముతో పనిలేదు, విరాళముతో పనిలేదు.